యశోద ముంగిట్లో ఒక్క మొగ్గ: పాటను పూలతో చెప్పడం గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కార్తీకమాసంలో వాళ్ల కాలేజీలో ఒక పోటీ పెట్టారు. ఒక పాట ఎంచుకుని, రెండడుగుల బల్ల మీద పూలతో, వస్తువులతో ఆ పాటను చూపించాలి. మేం అన్నమయ్య ‘ముద్దుగారే యశోద’ తీసుకున్నాం. అందులో నవరత్నాలూ వస్తాయి కదా, అందుకని తొమ్మిది చిన్న గిన్నెల్లో తొమ్మిది రంగుల రాళ్లు పోసి, పక్కన అదే రంగు పూలు పెట్టి, మధ్యలో కృష్ణుడి బొమ్మ, నెమలీక పెట్టాం. చూసినవాళ్లంతా బాగుందన్నారు. జడ్జిగారు మాత్రం ‘నగల షాపు బీరువాలా ఉంది, పాట వినబడలేదు’ అన్నారట. పిల్ల రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. వచ్చే ఏడాది మళ్లీ ఇదే పాటతో వెళ్తానని పట్టుబట్టింది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయికి చెప్పండి, పాట ఎంపికలో తప్పేమీ లేదు. పూలతో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాట వెతికినా దొరకదు. అన్నమయ్య 15వ శతాబ్దంలోనే వస్తువుల్ని పేర్చి పెట్టి వెళ్లాడు, మనం చేయాల్సిందల్లా ఆ పేర్పు ఎందుకో అర్థం చేసుకోవడం. మీరు తొమ్మిది రత్నాలనీ చూశారు, లెక్క తప్పకుండా పెట్టారు కూడా. కానీ ఆ రత్నం ఎవరికి రత్నమో వదిలేశారు. జడ్జిగారి మాట కాస్త కటువుగా ఉన్నా ఆయన పట్టుకున్నది అదే అనుకుంటాను.

పాటను ఒక్కసారి నెమ్మదిగా చదవండి, పాడకుండా. ‘యశోద ముంగిట ముత్యము.’ ‘గొల్లెతల అరచేతి మాణిక్యము.’ ‘కంసుని పాలి వజ్రము.’ ‘రుక్మిణికి రంగు మోవి పగడము.’ పిల్లవాడు ఒక్కడే, చూసేవాళ్లే మారుతున్నారు. తల్లికి వాడు వాకిట్లో దొర్లే ముత్యం, గొల్లపడుచులకి చేతికి చిక్కినట్టే ఉండే కెంపు, పంతం పట్టిన మేనమామకి నెత్తిన పడబోయే వజ్రం. వజ్రం అంటే మెరిసే రాయి మాత్రమే కాదు, ఇంద్రుడి చేతిలో ఆయుధం కూడా అదే కదా, కంసుడికి కనబడేది ఆ రెండోది. మీ గిన్నెలో వజ్రం పక్కన తెల్ల చామంతి పెట్టి ఉంటారు, రంగు కలిసింది కాబట్టి. కంసుడు చామంతిని చూసి భయపడతాడా?

కాబట్టి రంగుకి రంగు అనే ఆలోచన పూర్తిగా పక్కన పెట్టి, ప్రతి మాటకీ ‘ఇది ఎవరి చూపు’ అని అడగమనండి. అలా అడిగితే తొమ్మిదీ అక్కర్లేదు, నాలుగు చాలు. ఒక్కొక్కటీ నేనైతే ఎలా పెడతానో చెప్తాను, మీ అమ్మాయి దీన్ని మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా.

యశోదకి గుండుమల్లె మొగ్గ, ఒక్కటే. ఎర్రమట్టి పూసి ఆరబెట్టిన చెక్క పలక మీద వరిపిండితో నాలుగు చుక్కల చిన్న ముగ్గు వేసి, ఒక చుక్క ఉండాల్సిన చోట ఆ మొగ్గ పెట్టండి. ‘ముంగిట’ అనే మాట అక్కడితో అయిపోతుంది, ఇల్లు కట్టి చూపించక్కర్లేదు. అయితే మల్లె ఎండాకాలం పువ్వు, కార్తీకంలో దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. అప్పుడు నందివర్ధనం మొగ్గ వాడండి, ఏడాది పొడుగునా ఏదో ఒక వాకిట్లో ఉంటుంది, మెలితిరిగిన ఆ మొగ్గ కూడా ముత్యంలాగే ఉంటుంది. లిల్లీ మొగ్గలు మాత్రం వద్దు, అవి దండల్లోవి, చూడగానే పెళ్లిపందిరి గుర్తొస్తుంది.

కంసుడికి పువ్వే వద్దు. మొగలి ఆకు ఒకటి తెచ్చి, అంచుల్లో రంపపు పళ్లలా ముళ్లుంటాయి చూడండి, అది కనబడేలా ఏటవాలుగా నిలపండి. కోసేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకోండి.

ఇక రుక్మిణి. ఈ ఒక్క చోట నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ పాటకి పూలు ఆలోచిస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది ఇక్కడే. పగడానికి ఏ పువ్వు అంటే అందరూ ఎర్ర మందారం, ఎర్ర గులాబీ అంటారు. పారిజాతం పెట్టండి. తెల్ల పువ్వే, కానీ దాని కాడ చూడండి, అచ్చం పగడం రంగు. తమిళులు ఆ పువ్వుని పవళమల్లి అంటారు, పగడపు మల్లె అని అర్థం. అంతే కాదు, మన కథలో నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు ఎవరికిచ్చాడు? రుక్మిణికే. దాని మీదే సత్యభామ అలిగితే నంది తిమ్మన పారిజాతాపహరణం అనే కావ్యమే రాశాడు. అన్నమయ్య ఆ చరణంలో పారిజాతం అనలేదు, పగడం అన్నాడంతే, కానీ పగడం రంగు కాడ ఉన్న పువ్వు రుక్మిణి దగ్గర కనబడగానే తెలుగువాళ్లలో కథ తెలిసినవాళ్లకి అదంతా ఒక్కసారిగా కదులుతుంది. పాటలో ఉన్న మాటని చూపిస్తూ, పాటలో లేని కథని కూడా పిలిచే పువ్వు దొరికితే దాన్ని వదలకూడదు. ఒక్క జాగ్రత్త, పూలని మామూలుగా వెల్లకిలా పెడితే తెలుపే కనబడుతుంది, పగడం అడుగున దాక్కుంటుంది. బోర్లించి, కాడలు పైకి వచ్చేలా పరవండి. గుప్పెడు చాలు.

నాలుగోది ‘శ్రీ వేంకటాద్రి ఇంద్రనీలము’. అది అన్నమయ్య ముద్ర, ఏ పాట ఎటు తిరిగినా చివరికి వేంకటేశ్వరుడి దగ్గరికే చేరుతుంది. దీనికి నీలి శంఖుపుష్పం, ఒంటి రేకుది. పేరులోనే శంఖం ఉంది, ఆ చివరి చరణానికి ముందే ‘శంఖ చక్రాల సందుల వైడూర్యము’ అని వస్తుంది కదా, ఒక్క పువ్వు రెండు మాటల్నీ మోస్తుంది. తీగని ఆకులతో సహా కోసి, చివర ఒక సీసామూతలో నీళ్లు పోసి అందులో ముంచి, మూత కనబడకుండా మట్టితో కప్పండి. పోటీ పొద్దున్నే అయితే ఇబ్బంది లేదు, సాయంత్రానికి ముడుచుకుంటుంది.

ఐదోది కావాలంటే కాళింగుడు. ‘కాళింగుని తలలపై కప్పిన పుష్యరాగము’ అన్నాడు. పసుపు రాయి కాబట్టి పసుపు పువ్వు, అదీ పచ్చగన్నేరు, ఎందుకంటే ఆ చెట్టు ఒళ్లంతా విషమే. విషం మీద నిలబడిన పచ్చదనం, అంతకన్నా చెప్పాల్సిందేం ఉంది? గింజలు మరీ ప్రమాదం, పాలు చేతికంటితే కడుక్కోవాలి, చిన్నపిల్లలు తిరిగేచోట అయితే అసలు వద్దు. పడగలా ఉందని నాగలింగం పువ్వు పెట్టమని ఎవరైనా చెప్తారేమో, నాకు ఇష్టం లేదు. ఆ పువ్వు చూడగానే మన మనసు శివుడి దగ్గరికి పోతుంది, యశోద వాకిలి నుంచి గుడి మారిపోతుంది. పువ్వుకి తన జ్ఞాపకం తనకి ఉంటుంది, మనం రూపం చూసి తెచ్చినా అది ఆ జ్ఞాపకంతోనే వస్తుంది.

ఇప్పుడు పల్లవి సంగతి, మీ అలంకరణలో ఇది అసలు లేదు. మూడు చరణాలున్నాయి, ప్రతి చరణం అయ్యాక మళ్లీ ముద్దుగారే యశోద దగ్గరికి వస్తాం. అంటే కంసుడి దగ్గరికి వెళ్లినా, రుక్మిణి దగ్గరికి వెళ్లినా, వేంకటాద్రి ఎక్కినా, మళ్లీ వాకిట్లో ముత్యమే. మొదటి మొగ్గ ముగ్గులో పెట్టారు కదా, మొగలి ఆకు తర్వాత ఒకటి, పారిజాతాల తర్వాత ఒకటి, శంఖుపుష్పం తర్వాత ఒకటి పెట్టండి. మొత్తం నాలుగు మొగ్గలు, నాలుగూ ఒకే రకం, ఒకే పరిమాణం. చూసేవాళ్ల కన్ను ఎడమ నుంచి కుడికి జరుగుతూ ఆ తెల్ల చుక్క దగ్గర ప్రతిసారీ ఆగుతుంది, జడ్జిగారు వినబడలేదన్నది అప్పుడు వినబడుతుంది.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. ఈ పాట ఎక్కువగా కురంజి రాగంలో పాడతారు, తారస్థాయికి ఎగసే రాగం కాదది, కిందనే ఊయలలా తిరుగుతుంది, అందుకే లాలిలా ఉంటుంది. పోటీల్లో ఎత్తుగా కడితే మార్కులొస్తాయని అందరూ అనుకుంటారు, మీరు మాత్రం ఏదీ జానెడు మించనివ్వకండి. మొగలి ఆకు ఒక్కటి కొంచెం పైకి పోనివ్వచ్చు.

కృష్ణుడి బొమ్మ తీసేయండి. నెమలీక కూడా, పాటలో అది లేదు. ఇంతమంది ఎవరిని చూస్తున్నారో చూసేవాళ్లే పట్టుకోవాలి, బొమ్మ పెడితే పొడుపుకథ చెప్పి వెంటనే విడుపు కూడా చెప్పేసినట్టే. బల్ల మీద ఏదో లోటుగా ఉందనిపిస్తే ఒక పాత కవ్వం పడుకోబెట్టండి, వాడి వాడి నునుపెక్కినది, తల్లి పని మధ్యలో ఆపి అటు చూస్తోందన్నట్టు ఉంటుంది. రంగు రాళ్లు ఒక్కటి కూడా వద్దు. పువ్వే రత్నం అన్నాక పక్కన గాజురాయి పెడితే పువ్వుని మనమే నమ్మనట్టు.

పనిలో మెళకువలు రెండు మూడు. పారిజాతాలు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతాయి, ముందు రాత్రే చెట్టు కింద ఉతికిన పంచె పరిచి, ఎండ రాకముందు ఏరుకుని, తడిగుడ్డ మీద ఒకే వరుసగా పెట్టి తీసుకెళ్లండి, ఒకదాని మీద ఒకటి పోస్తే నలిగి గోధుమరంగులోకి పోతాయి. అన్నీ అమర్చాక ఆఖరున పరవండి. కాడలు గుచ్చడానికి షాపుల్లో దొరికే పచ్చ ఫోమ్ కొనకండి, అది ప్లాస్టిక్ లాంటిదే, మట్టిలో కలవదు. అరటిబోదె రెండంగుళాల మందాన కోసుకుంటే చాలు, పట్టూ ఉంటుంది, తడీ ఉంటుంది, మీ ఊళ్లో దానికి కొదవా లేదు. ఇంట్లో కనీసం రెండుసార్లు టైమ్ పెట్టుకుని అమర్చి చూడమనండి, అక్కడ ఆఖరి నిమిషం టెన్షన్‌లో చెయ్యి వణికితే ముగ్గు చెరిగిపోతుంది.

ప్రశ్న: అక్కా, మాది సిద్దిపేట దగ్గర పల్లె, ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. దసరాకి ముందు కింద లాబీలో బతుకమ్మ పాటను ‘డిస్‌ప్లే’గా పెట్టమని అసోసియేషన్ వాళ్లు నాకు అప్పజెప్పారు. పాటలో వచ్చే కథ ప్రకారం బొమ్మలు పెట్టాలా? గునుగు, తంగేడు దొరక్కపోతే జెర్బెరా పూలతో చేయొచ్చా?
– ఒక చెల్లెలు, హైదరాబాద్

జవాబు: చెల్లీ, బొమ్మలు వద్దు. మిగతా పాటలకి మనం పూలు వెతుక్కోవాలి, ఈ పాట పూల చుట్టూనే పుట్టింది. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటూ, వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతారు కదా. ఆ తిరగడం, ఆ మళ్లీ మళ్లీ వచ్చే ‘ఉయ్యాలో’, అదే చూపించాలి. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి వరుసలు పేర్చేటప్పుడు ఏ రంగు గునుగు పెట్టినా, ఏ బంతి పెట్టినా, ప్రతి రెండు వరుసలకీ ఒక తంగేడు వరుస తిరిగి రావాలి. అదే నీ ‘ఉయ్యాలో’. పై జవాబులో మొగ్గ గురించి చెప్పింది కూడా ఇదే, చదివే ఉంటావు.

ఇంకొకటి నా మనసులో చాలా రోజులుగా ఉంది. లాబీలో స్థలం ఉంటే ఒక్క పెద్ద బతుకమ్మ బదులు తొమ్మిది తాంబాలాలు గుండ్రంగా పెట్టు, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఒక్కొక్కటీ ముందుదానికన్నా కొంచెం ఎత్తు. ఆరోది మాత్రం ఖాళీ తాంబాలం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు కదా. పూలతో నిండిన వలయంలో ఆ ఒక్క ఖాళీ పళ్లెం దగ్గర పిల్లలు ఆగి ‘ఇదేంటి, ఇందులో ఎందుకు లేవు’ అని అడుగుతారు, అప్పుడు పక్కనున్న ఏ అమ్మమ్మో కథ మొదలుపెడుతుంది. డిస్‌ప్లే పక్కన అట్టముక్క మీద రాసి పెట్టే వివరం కన్నా అది మేలు.

జెర్బెరా వద్దంటాను, గట్టిగానే. తంగేడు ఊరికే పసుపు పువ్వు కాదు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఎవరూ నీళ్లు పోయకపోయినా బీడు భూముల్లో వానల తర్వాత తనకు తానే పూస్తుంది, గునుగు కూడా చేల గట్ల మీద అలాగే. కొనక్కర్లేని పూలతో చేసుకునే పండుగ అది. ఊరి నుంచి వచ్చే బస్సులో ఎవరిచేతైనా ఒక మూట తెప్పించుకో, ఆ రోజుల్లో నగరంలో మార్కెట్ల ముందు కూడా కుప్పలు పోసి అమ్ముతారు. తొమ్మిదికి సరిపోకపోతే తాంబాలాలు చిన్నవి చేయి, పువ్వు మాత్రం మార్చకు. చివరి రోజు వాటిని నీళ్లలో విడవాలి, అది కూడా పాటలో భాగమే, చెత్తబుట్టలోకి పోనివ్వకు.

ప్రశ్న: మా తెలుగు సంఘం కార్యక్రమంలో మల్లెపూల మీద ఒక పాటకి స్టేజి ముందు అలంకరణ చేయాలి. మాకు మల్లెలు దొరకవు. ప్లాస్టిక్ మల్లెదండలు వాడొచ్చా?
– డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మల్లె అంటే మనకి ముందు వాసన, తర్వాతే తెలుపు. ప్లాస్టిక్ దండ ఆ ముందుదాన్నే వదిలేస్తుంది. మీ ప్రాంతంలో కంచెల మీద పాకే స్టార్ జాస్మిన్ ఉంటుంది, అసలు మల్లె జాతి కాదు గానీ వాసన బాగుంటుంది, వసంతకాలం కార్యక్రమమైతే అదే పెట్టండి. గార్డెనియా కూడా దొరుకుతుంది, మన గంధరాజం అదే. జనం కూర్చునే ముందు వరుస దగ్గర పెట్టండి, స్టేజి మీద ఎత్తున పెడితే ఎవరికీ వాసన రాదు.

ప్రశ్న: వచ్చే నెల మా నాన్నగారి సంవత్సరీకం. ఆయన ఒక పాత పాట ఎప్పుడూ కూనిరాగం తీసేవారు, ఏటి ఒడ్డున ఒకరు పడవ కోసం ఎదురుచూసే పాట. ఫొటో ముందు ఆ పాటని ఏదో విధంగా పూలతో చెప్పాలని ఉంది. థర్మోకోల్ పడవ చేయిద్దామనుకున్నాను. కొన్ని ఎండిన పూలు కూడా పెడితే దుఃఖం తెలుస్తుందనిపించింది, కానీ వాడిపోయినవి పెట్టకూడదని అత్తయ్య అంటోంది. ఆయన కళ్లజోడు, ట్రాన్సిస్టర్ రేడియో నా దగ్గరున్నాయి.
– ఒక కొడుకు, కాకినాడ

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పడవ వద్దు. ఎదురుచూసే పాటలో పడవ ఇంకా రాలేదు కదా, లేదా వెళ్లిపోయింది. మీరు పడవ చేసి పెడితే ఎదురుచూడడమే ఉండదు. పడవని కట్టే గుంజ ఒకటి, దానికి చుట్టిన తాడు, అంతే పెట్టండి. పాట తెలిసినవాళ్లకి అర్థమవుతుంది, తెలియనివాళ్లు అడుగుతారు, మీరు చెప్తారు, ఆ వంకన నాన్నగారి గురించి రెండు మాటలు ఇంట్లో నడుస్తాయి.

పూల విషయంలో అత్తయ్యగారి మాట కొట్టేయకండి, ఇది పోటీ కాదు, ఇంట్లో పెద్దల కార్యం. వాడిన పువ్వు వేరు, ఆరిన పువ్వు వేరు. పొగడపూలు ఉన్నాయి చూడండి, రాలిపోయి, ఎండి, రంగు పోయినా వాసన పోదు, చిన్నప్పుడు దండ గుచ్చుకుని పుస్తకాల్లో దాచుకునేవాళ్లం. అవి పెడితే ఆమెకీ అభ్యంతరం ఉండదనుకుంటాను, ముందు అడగండి. రేడియో పక్కన ఒక గుప్పెడు, ఆయన చెయ్యి వేసే వైపు. రేడియో తుడవండి గానీ మరీ కొత్తదానిలా మెరిపించకండి, ఆయన వేలు ఆనీ ఆనీ ట్యూనింగ్ చక్రం మీద అంకెలు అరిగి ఉంటే అది అలాగే ఉండాలి. కళ్లజోడు మడిచి పెట్టొద్దు, చదువుతూ తీసి పక్కన పెట్టినట్టు విప్పి పెట్టండి.

తాజా పువ్వు ఒకటి కావాలి. చంద్రకాంత బాగుంటుంది, సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది, ఎదురుచూపుకి అంతకన్నా తగిన పువ్వు నాకు తెలియదు. పొద్దున కార్యం జరిగేటప్పుడు మొగ్గలుగానే ఉంటుంది, వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లిపోయాక, ఇంట్లో మీరు మీరే మిగిలాక, విచ్చుకుంటుంది. కొమ్మని విరిచి తెస్తే తల వాల్చేస్తుంది, అందుకని చిన్న కుండీలో మొక్కతో సహా పెట్టండి.

తాడు మాత్రం కొత్తది కొనకండి. మీ ఊళ్లో జాలరిపేటలో అడిగితే పాతది ఇస్తారు, ఉప్పునీళ్లకి తెల్లబడి, అక్కడక్కడా పీచు లేచినది.